రూగర్ మార్క్ 4 పిస్టల్: విప్పి శుభ్రం చేసేవారి లెక్కలో

.22 అనే చిన్న తూటాల పిస్టల్ కొనేవారు ధర, గురి చూస్తారుగాని, కాల్చిన తర్వాత దాన్ని విప్పి తుడవడం ఎంత తేలికన్నది సాధారణంగా అడగరు. అమెరికాలో రేంజికి (కాల్పుల సాధన స్థలానికి) వెళ్లే అలవాటున్న మన తెలుగువారికి రూగర్ మార్క్ 4ను నేను సిఫారసు చేసేది ముఖ్యంగా ఆ ఒక్క గుణం కోసమే. 1949లో మొదలైన ఈ వరుసలోని పాత పిస్టళ్లు కాల్చడానికి ఎంత నమ్మకమైనవో విప్పి బిగించడానికి అంత మొండివి. పిడి వెనుక గొళ్లెం తెరిచి, స్ప్రింగు ఉన్న భాగాన్ని బయటికి లాగి, ఒక్కోసారి రబ్బరు సుత్తితో తట్టి పై భాగాన్ని వేరు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు హ్యామర్ (పేల్చేందుకు కొట్టే సుత్తి లాంటి భాగం) కింది కడ్డీ తన చోట కూర్చోకపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది.

2016లో వచ్చిన మార్క్ 4లో ఆ అవస్థ లేదు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే కదిలే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకున్న తర్వాత, హ్యామర్ ఎక్కి (వెనక్కి వెళ్లి నిలిచి) ఉండగానే సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి వెనుకనున్న బటన్ నొక్కితే పై భాగం ముందున్న కీలు మీద లేస్తుంది, బోల్ట్ చేతిలోకి జారుతుంది. బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచే తోమవచ్చు కనుక మూతి అంచు అరిగే భయం ఉండదు.

అయితే తేలికగా తెరుచుకున్నంత మాత్రాన లోతైన శుభ్రత దానంతటదే జరగదు. .22 తూటాల సీసం, మైనం, మసి కలిసి బోల్ట్ ముఖం మీద, ముఖ్యంగా ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద గట్టిపడతాయి. ఆ కొక్కెం పట్టు తప్పితే ఖాళీ తొడుగు బయటికి రాక పిస్టల్ ఇరుక్కుంటుంది. అక్కడ సాల్వెంట్ వేసి కాసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో ఓపికగా రుద్దాలి. బోల్ట్‌ను కూడా విప్పినవారు ఫైరింగ్ పిన్‌ను (తూటాను కొట్టి పేల్చే కడ్డీని) ఆపే అడ్డ పిన్నును తిరిగి పెట్టడం మరవకూడదు. అది లేకుండా ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కితే ఛాంబర్ అంచు దెబ్బతింటుంది. ట్రిగ్గర్ యంత్రాంగాన్ని మాత్రం విప్పకుండా బ్రష్‌తో దులిపి వదిలేయడమే మేలు. నూనె పలుచగా చాలు, ఎక్కువైతే మసితో కలిసి ముద్దవుతుంది. ఈ మసిలో సీసం ఉంటుంది కాబట్టి గ్లవుజులు వేసుకోవాలి, భోజనాల బల్ల మీద ఈ పని పెట్టుకోకూడదు.

నాకు నచ్చనిది ఒకటుంది. మ్యాగజైన్ లేనిదే హ్యామర్ పడదు కనుక, శుభ్రం చేసిన ప్రతిసారీ దాన్ని దించడానికి ఖాళీ మ్యాగజైన్ పెట్టవలసి రావడం చిరాకే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. సేఫ్టీ మీట మధ్యలో ఆగినప్పుడు ట్రిగ్గర్ నొక్కి, తర్వాత మీటను కాల్చే స్థానానికి జరిపితే పిస్టల్ పేలే అవకాశముందని, 2017 జూన్ 1కి ముందు తయారైన వాటన్నిటినీ కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేసింది. సేఫ్టీ వేసినప్పుడు కనిపించే తెల్ల చుక్కలో ‘ఎస్’ అక్షరం ఉంటే ఆ మరమ్మతు జరిగినట్టే.