వైట్ సాక్స్ 2025: సరుకు కొన్నాయనకి మూడు స్టార్లు, వండినాయనకి మూడున్నర

మా మామయ్యగారు తెనాలిలో ముప్పయ్యేళ్లు మెస్ నడిపారు. అన్నం ముద్దయిందని ఎవరైనా కేకలేస్తే ముందు వంటింట్లోకి కాదు, స్టోరు గదిలోకి వెళ్లేవారట. "కొత్త బియ్యం తెచ్చిపెట్టి మాస్టర్ని తిడితే ఏం లాభం అమ్మాయ్" అంటారు. 2025 ఎండాకాలంలో షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మా ఇంటికొచ్చినప్పుడు రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని షికాగో వైట్ సాక్స్ మ్యాచ్‌లు చూశారు. బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. అయినా వారం తిరక్కుండానే అడిగారు: "ఈ జట్టుకి సరుకు కొనేదెవరు, వండేదెవరు?"

కొనేది జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్. వండేది ఫీల్డ్ మేనేజర్ విల్ వెనబుల్. ఎవరు ఏ వరసలో బ్యాట్ పట్టాలి, అలిసిపోయిన పిచ్చర్ని (బంతి విసిరేవాణ్ని) ఎప్పుడు తప్పించాలి అన్నవి డగౌట్‌లోంచి ఈయనే చూసుకుంటాడు. తను ఆడకపోయినా యూనిఫాం వేసుకునే ఉంటాడు. "మా మాస్టరూ అంతే, తినడానికి కూర్చున్నా నడుముకి తువ్వాలు విప్పేవాడు కాదు" అన్నారు మామయ్యగారు.

ఈ ఇద్దరికీ మార్కులు వేసేముందు 2024 గుర్తు చేయాలి. 162 మ్యాచ్‌ల్లో 121 ఓటములు. 1900 తర్వాత ఏ జట్టూ ఒక్క సీజన్లో అన్ని ఓడలేదు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడి అరవై రెండేళ్లు మోసిన అపకీర్తిని మా వాళ్లు దింపి నెత్తిన పెట్టుకున్నారు. అందులో వరసగా 21 ఓటములు ఒకే విడత. ఆగస్టులో అప్పటి మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. నిజం చెప్పాలంటే ఆయన చేతికిచ్చిన బియ్యమే అలాంటివి.

గెట్జ్ కొత్తవాడేమీ కాదు. 2023 ఆగస్టులో పాత పెద్దలు కెన్ విలియమ్స్, రిక్ హాన్‌లను యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ ఇంటికి పంపి, బయట పెద్దగా వెతక్కుండానే ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతకుముందు ఏళ్ల తరబడి కుర్రాళ్లని తయారుచేసే విభాగం చూసింది కూడా ఈయనే. ఆ విభాగం కాపు కాయకే కదా కొంప మునిగింది అని అప్పట్లో నేను గట్టిగానే తిట్టుకున్నాను. ఆ కోపంలో సగం ఇప్పటికీ ఉంది.

మిగతా సగం తగ్గింది ఆయన కొనుగోళ్లు చూశాకే. 2024 డిసెంబరులో ఉన్న ఒక్క మేలిమి పిచ్చర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేసి నలుగురు కుర్రాళ్లని తెచ్చాడు. క్రోషే అక్కడ 18 మ్యాచ్‌లు గెలిచి 255 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ని ఔట్ చేయడం) తీశాడు, కడుపు మండింది. కానీ తెచ్చినవాళ్లలో వికెట్ కీపర్ లాంటి క్యాచర్ కైల్ టీల్ జూన్‌లో వచ్చి .273 సగటుతో (వెయ్యి అవకాశాలకి 273 హిట్ల లెక్కన) కొట్టాడు, చేస్ మైడ్రాత్ ఇన్‌ఫీల్డ్‌లో పాతుకుపోయాడు. అసలు బేరం మాత్రం షేన్ స్మిత్. వేరే జట్టు కాపాడుకోకుండా వదిలేసిన కుర్రాణ్ని లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు, కాకపోతే ఏడాదంతా పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి, అదీ రూల్ 5 పద్ధతి. అలా మిల్వాకీ నుంచి తెచ్చిన స్మిత్ మొదటి ఏడాదే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికై ఆల్‌స్టార్ అయ్యాడు. పెద్ద లీగ్‌లో లక్ష డాలర్లంటే సంతలో కొసరు కింద వేసే కరివేపాకు.

మిగెల్ వర్గాస్ సంగతీ చెప్పాలి. 2024లో ఎరిక్ ఫెడ్డీ, మైకేల్ కోపెక్, టామీ ఫామ్ అనే ముగ్గురు ఆటగాళ్లని ఇచ్చి ఇతన్ని తెచ్చుకున్నప్పుడు నవ్వని వాడు లేడు. ఆ ఏడాది మా దగ్గర .104 కొట్టాడు. 2025లో 16 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి). ఆవకాయ కలిపిన పూటే రుచి చూసి మూతి ముడిచినట్టయింది నా పని.

పుచ్చు సరుకు లేదా? ఉంది. ఆండ్రూ వాన్‌ని జూన్‌లో మిల్వాకీకి ఇచ్చి ఆరన్ సివాలెని తెచ్చారు. వాన్ అక్కడ మొదటిసారి బ్యాట్ పట్టగానే మూడు పరుగుల హోమ్ రన్. సివాలె ఆగస్టు దాటకుండానే మా ఊళ్లోనే ఇంకో జట్టు కబ్స్‌కి వెళ్లిపోయాడు. మన దగ్గర .189 దగ్గర ఈడ్చుకున్న మనిషి పక్కూరు వెళ్లగానే ఎలా కొట్టాడు అన్నదానికి గెట్జ్ దగ్గరే జవాబుండాలి.

ఇక వెనబుల్. ప్రిన్స్‌టన్‌లో బాస్కెట్‌బాల్ కూడా ఆడినవాడు, 2023లో టెక్సాస్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టు మేనేజర్ బ్రూస్ బోచీ పక్కన ఉన్నవాడు. నోరు పారేసుకోడు. ఆల్‌స్టార్ విరామానికి 32 గెలుపులు, 65 ఓటములు. ఆ తర్వాత 28, 37. మొత్తం 60, 102. బయటివాళ్లకి ఇది చెత్త లెక్క. 2024లో 41 గెలుపులే చూసిన కళ్లకి పండగే. కోల్సన్ మాంట్‌గమరీ ఏప్రిల్‌లో చిన్న లీగ్‌లో బంతి తగలక అరిజోనాలో మళ్లీ అఆలు దిద్దుకుని, జులై 4న జట్టులోకొచ్చి 71 మ్యాచ్‌ల్లో 21 హోమ్ రన్లు కొట్టాడు. ఆ బ్యాటింగ్ దిద్దింది మేనేజర్ కాదు, బ్యాటింగ్ విభాగం చూసే రయన్ ఫుల్లర్. కానీ అలాంటి కుర్రాళ్లు నాలుగు రోజులు తడబడినా బెంచీ ఎక్కించకుండా ఓపిక పట్టింది వెనబులే. నా ఫిర్యాదు ఒక్క పరుగు తేడా మ్యాచ్‌ల మీద. గెలిచినవాటికంటే చేజార్చినవి చాలా ఎక్కువ. చివరి ఇన్నింగ్స్‌కి నికరమైన పిచ్చర్ లేకపోవడం స్టోరు గది లోపమే, కానీ పొయ్యి ఆర్పాల్సిన వేళ తెలియకపోవడం వంటవాడిదే. అర స్టార్ అక్కడ కోశాను.

మైదానానికి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. రెడ్ లైన్ రైలు 35వ వీధిలో దిగితే రేట్ ఫీల్డ్ ఎదురుగానే ఉంటుంది. ఎలోటెస్ అని మొక్కజొన్న గింజలు అమ్ముతారు. వెన్న, చీజ్, కారం, నిమ్మరసం వేసిస్తారు, మయొనైజ్ వద్దనండి. మావాడు హోమ్ రన్ కొడితే స్కోర్‌బోర్డు మీద రంగుల చక్రాలు తిరిగి బాణసంచా పేలుతుంది. మామయ్యగారు రెండు చెవులూ మూసుకుని నవ్వారు.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆయన ఇంకో ప్రశ్న అడిగారు: "మరి మెస్ ఎవరిది?" 1981 నుంచీ రైన్స్‌డార్ఫ్‌ది అన్నాను. జస్టిన్ ఇష్బియా అనే ఆయన కొనుక్కునే ఒప్పందం 2025 జూన్‌లో కుదిరింది, కానీ 2029కి ముందు పగ్గాలు చేతులు మారవు అని కూడా చెప్పాను. వేళ్లమీద లెక్కపెట్టుకున్నారు. "అప్పటిదాకా ఈ ఇద్దరినీ ఉంచుతాడా?" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.