కంప్యూటర్ నుంచి టీవీకి వైరు లేకుండా: ఏది మేలు?

ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని టీవీ పెద్ద తెర మీద చూడాలంటే ఇప్పుడు అయిదారు దారులున్నాయి: మిరాకాస్ట్, గూగుల్ కాస్ట్, ఎయిర్‌ప్లే, డీఎల్‌ఎన్‌ఏ, వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ, ఇవి కాక గేమ్‌ల కోసం వేరే యాప్‌లు. పేర్లు వింటే కంగారు పుడుతుంది గానీ, వీటిలో ఎక్కువ భాగం చేసే పని రెండు రకాలే. మొదటి రకంలో కంప్యూటర్ తన తెర మీద కనిపించేదంతా ఎప్పటికప్పుడు టీవీకి పంపుతూ ఉంటుంది. దీన్ని మిర్రరింగ్ అంటారు. రెండో రకంలో ‘ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, నువ్వే తెచ్చుకుని ఆడించు’ అని టీవీకి చెప్పి పక్కకు తప్పుకుంటుంది. అది కాస్టింగ్.

సినిమా చూడటానికి మిర్రరింగ్ దండగ. పని చేసుకోవడానికి కాస్టింగ్ చాలదు. నా తీర్పు ఇదే. ఎందుకో చెప్తాను.

మిర్రరింగ్‌లో కష్టమంతా కంప్యూటర్‌దే. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు. అన్నీ గుణిస్తే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. ఇంట్లో వాడే మామూలు వై-ఫై అంత బరువు మోయలేదు. అందుకని కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునూ అప్పటికప్పుడు బాగా కుదించి పంపుతుంది, టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. కుదించడానికి కొంత, పంపడానికి కొంత, విప్పడానికి కొంత సమయం పోతుంది. మౌస్ కదిపాక టీవీ మీద బాణం గుర్తు ఒక్క క్షణం ఆగి కదిలేది అందుకే. ఫ్యాన్ మోత పెరగడానికీ, బ్యాటరీ తొందరగా తరిగిపోవడానికీ కారణం అదే.

కుదించేటప్పుడు ఇంకో తంతు కూడా జరుగుతుంది. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత బాగా రంగుల్ని పట్టలేదు. దాన్ని ఆసరాగా తీసుకుని, వెలుగు వివరం ప్రతి చుక్కకూ ఉంచి, రంగు వివరం మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున దాచుకుంటారు. మనుషుల ముఖాలూ చెట్లూ కొండలూ ఉన్న దృశ్యంలో ఈ తేడా ఎవరికీ తెలియదు. అదే నల్లటి నేపథ్యం మీద ఎర్రటి చిన్న అక్షరాలుంటే అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఎక్సెల్ షీట్‌ను మిర్రరింగ్‌లో పెట్టి ‘టీవీ బాగాలేదు’ అనుకునేవాళ్లు చాలామంది. టీవీ తప్పేమీ లేదు. అక్షరాల సైజు పెంచి, ముదురు రంగుల బదులు తెలుపు మీద నలుపు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు సినిమా సంగతి. ఆన్‌లైన్‌లో వచ్చే వీడియో ముందే కుదించి ఉంటుంది. ల్యాప్‌టాప్ దాన్ని విప్పి తన తెర మీద వేస్తుంది. మిర్రరింగ్ ఆ తెరను మళ్లీ కుదించి పంపుతుంది. టీవీ మళ్లీ విప్పుతుంది. ఒకసారి సరిపోయే పనికి రెండుసార్లు. చీకటి సీన్లలో నల్లని చోట గళ్లు గళ్లుగా కనిపించడం ఎక్కువగా ఈ రెండో కుదింపు పుణ్యమే. పైగా సినిమాలు చాలావరకు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. కంప్యూటర్ తెర సాధారణంగా 60తో నడుస్తుంది. 24కి 60 సమంగా సరిపోదు కాబట్టి కొన్ని ఫ్రేములు ఎక్కువసేపు, కొన్ని తక్కువసేపు నిలుస్తాయి. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో చిన్న కుదుపు కనిపిస్తుంది. కాస్టింగ్‌లో ఈ బాధలు తక్కువ. టీవీయే అసలు వీడియోను నేరుగా తెచ్చుకుంటుంది, ఒక్కసారే విప్పుతుంది, చాలా టీవీలు 24 ఫ్రేముల లెక్కను కూడా సరిగ్గానే చూసుకుంటాయి. యూట్యూబ్ వీడియోను క్రోమ్ నుంచి కాస్ట్ చేసి ల్యాప్‌టాప్ మూత వేసేసినా టీవీలో వీడియో ఆగదు. కంప్యూటర్ అక్కడ రిమోట్ మాత్రమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బు కట్టి చూసే చాలా సర్వీసులు కాపీ కాకుండా వీడియోకు తాళం వేసి పంపుతాయి. తెరను మిర్రర్ చేస్తే చాలాసార్లు మాటలు వినిపిస్తాయి, బొమ్మ మాత్రం నల్లగా ఉంటుంది. అది మీ టీవీ చెడిపోయి కాదు, సర్వీసు పెట్టుకున్న నిబంధన వల్ల. అలాంటప్పుడు సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకుండా టీవీలోనే ఆ యాప్ తెరవడం తెలివైన పని. నిజానికి టీవీలో యాప్ ఉన్నప్పుడు కంప్యూటర్‌ను మధ్యలోకి లాగాల్సిన పనే లేదు.

మరి మిర్రరింగ్ ఎప్పుడు కావాలి? ప్రెజెంటేషన్ చూపించాలి, పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు పెద్ద తెర మీద పెట్టాలి, ఫొటోలు సవరిస్తూ ఇంట్లో వాళ్లకు చూపించాలి, కాస్ట్ బటన్ లేని వెబ్‌సైట్ ఏదో తెరవాలి. ఇలాంటి చోట్ల టీవీ తనంతట తాను తెచ్చుకోగలిగిన వీడియో అంటూ ఏదీ ఉండదు. కంప్యూటర్ తెరే కావాలి.

విండోస్ వాడేవాళ్లకు దీనికి మిరాకాస్ట్ ఉంది. 2012లో వై-ఫై అలయన్స్ తెచ్చిన పద్ధతి. విండోస్ 8.1 నుంచి సిస్టమ్‌లోనే ఉంది. విండోస్ కీ పట్టుకుని కె నొక్కితే చుట్టుపక్కల టీవీల జాబితా వస్తుంది. దీని అసలు గొప్ప ఏమిటంటే, రౌటర్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్, టీవీ వై-ఫై డైరెక్ట్ ద్వారా నేరుగా మాట్లాడుకుంటాయి. ఇంటర్నెట్ పోయిన రోజు కూడా పనిచేస్తుంది. కాకపోతే కంప్యూటర్‌లో వై-ఫై ఉండి తీరాలి. లాన్ వైరు మీద నడిచే పాత డెస్క్‌టాప్‌కు వై-ఫై అడాప్టర్ లేకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

కనెక్ట్ అయ్యాక చాలామంది చూడకుండా వదిలేసేవి రెండున్నాయి. విండోస్ కీతో పి నొక్కితే డూప్లికేట్, ఎక్స్‌టెండ్ అని వస్తాయి. ఎక్స్‌టెండ్ పెట్టుకుంటే టీవీ రెండో తెరగా మారుతుంది. వాట్సాప్ మెసేజ్‌లు, ఆఫీసు మెయిళ్లు ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, చూపించాల్సిన కిటికీ ఒక్కటే టీవీ మీదకు జరుపుకోవచ్చు. బంధువులందరి ముందూ మీ సొంత మెసేజ్ పాప్‌అప్ అయ్యే ప్రమాదం బాగా తగ్గుతుంది. రెండోది, కనెక్షన్ సెట్టింగ్స్‌లో పనికి, గేమ్‌కి, వీడియోకి వేరువేరు మోడ్‌లుంటాయి. వీడియో మోడ్‌లో ఆలస్యం పెరుగుతుంది గానీ బొమ్మ నిలకడగా ఆడుతుంది. గేమ్ మోడ్‌లో ఆలస్యం తగ్గి, అప్పుడప్పుడు తడబాటు పెరగొచ్చు. ఏది ఎందుకో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక ఎక్కువమంది బోల్తాపడే చోటు. విండోస్ జాబితాలో తమ క్రోమ్‌కాస్ట్ (టీవీకి తగిలించే గూగుల్ కాస్ట్ పరికరం) కనబడక గంటలు గంటలు వెతుకుతారు. ఎంత వెతికినా కనబడదు, ఎందుకంటే క్రోమ్‌కాస్ట్‌కు మిరాకాస్ట్ రాదు. గూగుల్ 2013లో తెచ్చినప్పటి నుంచీ దాని భాష వేరు. దాన్ని చేరడానికి మామూలు దారి క్రోమ్ బ్రౌజర్‌లో కుడివైపు మూడు చుక్కల మెనూలో ఉండే కాస్ట్. క్రోమ్‌కాస్ట్ పరికరాల తయారీ ఆపేస్తున్నట్టు గూగుల్ 2024లో చెప్పింది. అయినా కాస్ట్ పద్ధతి పోలేదు, ఆండ్రాయిడ్ టీవీలు, గూగుల్ టీవీల్లో అది ముందే ఉంటుంది. శాంసంగ్, ఎల్‌జీ సెట్లలో చాలావాటికి మిరాకాస్ట్ ఉంటుంది, గూగుల్ కాస్ట్ ఉండకపోవచ్చు. కాబట్టి ఏ దారి మేలో తేల్చే ముందు మీ టీవీకి ఏ భాష వచ్చో చూడాలి. రెండూ వచ్చిన టీవీ దొరికితే అదృష్టమే.

క్రోమ్ బ్రౌజర్‌లోని కాస్ట్‌తో ఒక తేడా గమనించాలి. వీడియో ప్లేయర్‌లోనే ఉండే కాస్ట్ గుర్తు నొక్కితే జరిగేది అసలైన కాస్టింగ్. మెనూలోకి వెళ్లి ట్యాబ్‌నో మొత్తం స్క్రీన్‌నో కాస్ట్ చేస్తే పేరు కాస్టింగే గానీ జరిగేది మిర్రరింగ్. రెండింటికీ కాస్ట్ అన్న పేరే ఉండటంతో తేడా తెలియదు. వీడియో ఉన్న పేజీలో ప్లేయర్ గుర్తునే వెతకండి, ట్యాబ్ జోలికి వెళ్లకండి.

మ్యాక్ వాడేవాళ్ల బాధలు తక్కువ. ఆపిల్ సొంత పద్ధతి ఎయిర్‌ప్లే 2010 నుంచీ ఉంది. 2019 నుంచి కొన్ని పెద్ద కంపెనీల టీవీల్లోనే నేరుగా వస్తోంది, ఆపిల్ టీవీ పెట్టె తప్పనిసరి కాదు. మిర్రరింగ్, వీడియో పంపడం రెండూ అందులోనే ఉన్నాయి. మ్యాక్ ఉండి, టీవీకి ఎయిర్‌ప్లే ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. మ్యాక్‌కు మిరాకాస్ట్ రాదు కాబట్టి, టీవీలో అది ఒక్కటే ఉంటే మాత్రం మ్యాక్ చేతులెత్తేస్తుంది.

హార్డ్‌డిస్క్‌లో సినిమాలూ పెళ్లి వీడియోలూ దాచుకున్నవాళ్ల దారి వేరు. అక్కడ మిర్రరింగ్ కంటే ఫైలునే టీవీకి అందించడం మేలు. కంప్యూటర్‌లోని ఫైలును ఇంటి నెట్‌వర్క్ మీదుగా టీవీకి అందించే డీఎల్‌ఎన్‌ఏ పాత పద్ధతే, దాన్ని నడిపిన సంస్థ 2017లో మూతపడింది కూడా. అయినా చాలా టీవీలకు ఇప్పటికీ అది అర్థమవుతుంది. ఇబ్బందల్లా టీవీకి తెలియని ఫార్మాట్ వచ్చినప్పుడు ఆడనని మొరాయిస్తుంది, సబ్‌టైటిల్స్ చాలాసార్లు మాయమవుతాయి. నేనైతే కంప్యూటర్‌లో ప్లెక్స్ లేదా జెల్లీఫిన్ లాంటి సర్వర్ (ఫైళ్లను టీవీకి అందించే ప్రోగ్రాం) పెట్టుకోమంటాను. టీవీ ఆడించలేని ఫైలును అవే మార్చి పంపుతాయి. ఎప్పుడో ఒకసారి చూసేవాళ్లకు అంత హంగామా అక్కర్లేదు. వీఎల్‌సీ వీడియో ప్లేయర్ 2018లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి క్రోమ్‌కాస్ట్‌కు నేరుగా పంపుతుంది. ప్లేబ్యాక్ మెనూలో రెండరర్ దగ్గర టీవీని ఎంచుకుంటే చాలు.

వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ అంటే ఒక జత పరికరాలు. ఒకటి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి, రెండోది టీవీకి. టీవీ స్మార్ట్ కాకపోయినా, కంప్యూటర్‌లో విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా వీటికి పట్టింపు లేదు, డ్రైవర్లు, యాప్‌లు ఏమీ అక్కర్లేదు. వేరే పద్ధతులన్నీ విఫలమైనప్పుడు ఇవి పనికొస్తాయి. కానీ 60 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడిచేవి గోడ అడ్డొస్తే ఆగిపోతాయి, మనిషి మధ్యలో నిలబడినా సిగ్నల్ తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్‌వి గోడ దాటతాయి గానీ చుట్టుపక్కల వై-ఫైతో పోటీ పడాలి. ఒకే గదిలో వాడేటట్టయితే వీటికంటే మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చవక, ఆలస్యమూ ఉండదు. వైరు కనబడకూడదన్న పట్టుదల ఉంటేనే వీటికి డబ్బు పెట్టండి.

గేమ్‌లకు మిరాకాస్ట్ మీద ఆశ పెట్టుకోవద్దు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మామూలు మిర్రరింగ్‌లో ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చదరంగానికి, కార్డుల ఆటకు పర్వాలేదు, రేసింగ్‌కు, షూటింగ్‌కు కుదరదు. కంప్యూటర్‌లో నడిచే గేమ్‌ను టీవీకి పంపే స్టీమ్ లింక్, మూన్‌లైట్ యాప్‌లు ఆలస్యం తగ్గించడానికే తయారయ్యాయి. నెట్‌వర్క్ బాగుంటే ఆడదగ్గట్టే ఉంటాయి. టీవీలో గేమ్ మోడ్ కూడా ఆన్ చేయాలి. లేకపోతే బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయం వీటి మీద అదనంగా పడుతుంది. పోటీగా ఆడేవాళ్లకు మాత్రం కేబులే గతి.

ఏ పద్ధతి తీసుకున్నా టీవీ కనబడకపోవడం, మధ్యమధ్యలో ఆగిపోవడం మామూలు ఫిర్యాదులు. కాస్ట్, ఎయిర్‌ప్లే, డీఎల్‌ఎన్‌ఏలలో టీవీ కనబడట్లేదంటే ముందు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి గెస్ట్ వై-ఫైలో ఉన్నా, వీపీఎన్ ఆన్ చేసి ఉన్నా ఒకదానికొకటి కనబడకపోవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లే దీన్ని ఆపేసి ఉండొచ్చు, అప్పుడు మీరు చేయగలిగింది లేదు.

ఆగి ఆగి ఆడుతుంటే ఇంటర్నెట్ స్పీడ్‌ను తిట్టడం అలవాటు. కానీ రౌటర్ ద్వారా మిర్రరింగ్ జరుగుతున్నప్పుడు ఆ బొమ్మ ఇల్లు దాటి బయటకు పోదు. కంప్యూటర్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి, ఒకే డేటా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. రెండూ ఒకే బ్యాండ్ మీద ఉంటే ఒకదాని వంతు అయ్యాకే రెండోదాని వంతు. 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్కింటి వై-ఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ కూడా తోసుకుంటాయి. ముందు రెండింటినీ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే కంప్యూటర్‌నో టీవీనో, ఏది రౌటర్‌కు దగ్గరగా ఉంటే దాన్ని లాన్ వైరుతో కలపండి. గాలి ప్రయాణం సగానికి తగ్గి, రెండో సగం వై-ఫై మీదే సాఫీగా నడుస్తుంది.