నల్లగుడ్డుపై ఫంగస్ పుండు: నాటమైసినా, వొరికొనజోలా?

మిర్యాలగూడ వైపు వరికోతల్లో గడ్డిపోచో వడ్లగింజో కంట్లో కొట్టుకుంటే నల్లగుడ్డుపై ఫంగస్ పుండు పడొచ్చు. ముందు పుండు అంచు గీకి, 10% కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) వేసి మైక్రోస్కోపులో ఫంగస్ పోగులున్నాయేమో చూడాలి. అది తేలకుండా మెడికల్ షాపులో తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పుండు ముదురుతుంది.

నాటమైసిన్ 5% ఫంగస్‌కు వేసే తెల్లటి చుక్కల మందు. అడుగున పేరుకుంటుంది, సీసా ఊపాలి. లోతుకు పెద్దగా దిగదు. అయినా 2013లో వెలువడిన పరిశోధనలో, ముఖ్యంగా ఫ్యూజేరియం అనే ఫంగస్ మీద, వొరికొనజోల్ కన్నా ఇదే మెరుగని తేలింది. ఫంగస్‌కే వేసే మరో మందు వొరికొనజోల్ 1% లోపలికి బాగా దిగుతుంది, కానీ దిగినంత మాత్రాన మానదు. దీన్ని 200 మి.గ్రా. ఇంజెక్షన్ పొడిలో 19 మి.లీ. స్టెరైల్ నీళ్లు కలిపి చేయొచ్చు.

మా ఓటు మొదట నాటమైసిన్‌కే: వారంపాటు మెలకువగా ఉన్నంతసేపు గంటగంటకు, తర్వాత మూడో వారం దాకా రెండు గంటలకోసారి. పుండు లోతుగా ఉండి తగ్గకపోతే వొరికొనజోల్ జత చేస్తారు. తెల్లమందు పుండుకు అంటుకుంటే ముదిరినట్టు కనిపిస్తుంది; డాక్టర్ తుడిచి చూడాల్సిందే.