తుంటి విరిగితే ఆపరేషనా, నాటు కట్టా?

మా గాజువాకలో పక్కింటి మామ్మగారు బాత్రూమ్‌లో జారిపడితే, కొడుకు ఎక్స్‌రే కవరు కూడా తెరవకుండా నాటు కట్టు కట్టించేశాడు.

ఖర్చు: కట్టు చవక. ఆపరేషన్‌కి ప్రైవేటులో లక్ష దాటొచ్చు, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్తే అంత భయం ఉండదు.

శ్రమ: కట్టుతో నెలల తరబడి మంచం, బెడ్‌పాన్. ఆపరేషనైతే చాలామందిని మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతారు.

రిస్క్: ప్రాణం తీసేది ఎక్కువగా ఎముక కాదండీ, ఆ మంచమే. కదలకపోతే న్యుమోనియా, ఒంటి మీద పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, అందుకే వీలైతే 48 గంటల్లోపే ఆపరేషన్ చేయించమంటారు. వైద్యం దాదాపు ఉచితంగా దొరికే నార్వేలో కూడా తుంటి విరిగాక చదువు తక్కువున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువని తేలింది, అంటే కారణం డబ్బొక్కటే కాదు.

తుంటికైతే ఆపరేషనే, మత్తు తట్టుకోలేరని డాక్టరే చెబితే తప్ప. వేలు చిట్లి, ఎముక జరగలేదని ఎక్స్‌రేలో తేలితే కట్టు చాలు, అదీ ఆసుపత్రిలో వేసిందే.