ఇంటి భాషలో ఆట: స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు చానల్ సమీక్ష

స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు 2018 డిసెంబరులో ప్రసారాలు మొదలుపెట్టింది. ఇంగ్లీషు, హిందీ వ్యాఖ్యానాలతో దశాబ్దాల పాటు సర్దుకుపోయిన తెలుగు ప్రేక్షకుడికి ఆటను ఇంటి భాషలో వినే వీలు కల్పించిన చానల్ ఇది. ఐపీఎల్, ప్రో కబడ్డీ జరిగే నెలల్లో మా ఇంట్లో ఎక్కువసేపు నడిచేది ఇదే కాబట్టి దీని బాగోగుల గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది. అయితే ఈ చానల్‌ను విడిగా చూస్తే దాని స్వభావం సగమే అర్థమవుతుంది. దీనికి జన్మనిచ్చిన సంస్థకు మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఈనాడు తెర మీద మనకు నచ్చేవాటికీ, నచ్చనివాటికీ చాలావరకు కారణాలు అక్కడే దొరుకుతాయి.

1991లో హాంకాంగ్ కేంద్రంగా స్టార్ టీవీ మొదలైనప్పుడు, ఆసియాశాట్ 1 ఉపగ్రహం ద్వారా అందించిన అయిదు చానళ్లలో ప్రైమ్ స్పోర్ట్స్ ఒకటి. అప్పటికి మన దేశంలో కేబుల్ టీవీకంటూ ప్రత్యేకమైన చట్టమే లేదు. వీధిలో ఎవరో ఒకరు మేడ మీద పెద్ద డిష్ బిగించి, కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా వైరు లాగి, నెలకింతని వసూలు చేసి ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చేవారు. కేబుల్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం 1995లో వచ్చేనాటికే ఆ వ్యాపారం ఊరూరా వేళ్లూనుకుంది. ఈలోగా 1993లో రూపర్ట్ మర్డోక్ నాయకత్వంలోని న్యూస్ కార్పొరేషన్ స్టార్ టీవీలో 63.6 శాతం వాటా కొనుగోలు చేసింది. ప్రైమ్ స్పోర్ట్స్ కొన్నాళ్లకు స్టార్ స్పోర్ట్స్‌గా పేరు మార్చుకుంది.

ప్రైవేటు చానళ్లు మన మైదానాల్లో కెమెరాలు పెట్టగలగడానికి ఒక కోర్టు కేసు దారి వేసింది. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవాల సందర్భంగా హీరో కప్ నిర్వహిస్తూ, ప్రసార హక్కులను దూరదర్శన్‌కు కాకుండా ట్రాన్స్‌వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని ముందుకు తెచ్చి ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థ తెచ్చుకున్న పరికరాలను కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు, ప్రసారాలకు వాడే తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదని తేల్చిచెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి మన తెలుగువారు. తరంగాలు ప్రజల ఆస్తి అయినప్పుడు వాటిని ప్రజల మేలు కోసమే వాడాలని, ప్రైవేటు సంస్థల చేతిలో స్వేచ్ఛగా వదిలేయడానికి వీల్లేదని కూడా ఆయన స్పష్టంగా చెప్పారు. క్రీడా ప్రసారాల గురించి ఆలోచించేటప్పుడల్లా ఈ రెండో మాటను కూడా గుర్తుపెట్టుకోవాలని నేను నమ్ముతాను.

1996లో అమెరికా క్రీడా ప్రసార సంస్థ ఈఎస్‌పీఎన్, స్టార్ చేతులు కలిపి సింగపూర్ కేంద్రంగా ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్‌ను నెలకొల్పాయి. హైదరాబాదు ఆకాశవాణిలో మొదలుపెట్టిన హర్షా భోగ్లే గొంతు దేశమంతటికీ పరిచయమైంది ఈ చానళ్ల ద్వారానే. ఉస్మానియాలో చదివిన ఆ హైదరాబాదీ, అంతర్జాతీయ ఆటగాడు కాకపోయినా, ఆటను వివరంగా, మర్యాదగా, గొంతు పెంచకుండా ఎలా చెప్పాలో ఒక తరానికి నేర్పాడు. 2007లో స్టార్ క్రికెట్ వచ్చింది. 2012లో ఉమ్మడి సంస్థలో ఈఎస్‌పీఎన్ వాటాను స్టార్ కొనేసింది. ఆ ఏడాదే బీసీసీఐ మ్యాచ్‌ల హక్కులను 3,851 కోట్ల రూపాయలకు సొంతం చేసుకుంది. 2013 నవంబరులో చానళ్లన్నీ స్టార్ స్పోర్ట్స్ అనే ఒకే పేరు కిందికి వచ్చాయి. ఇంత జరిగినా తెలుగు ఊసు ఎక్కడా లేదు.

తెలుగు వచ్చింది లెక్కల వల్ల. 2017 సెప్టెంబరులో, 2018 నుంచి 2022 వరకు అయిదేళ్ల ఐపీఎల్ హక్కులకు స్టార్ 16,347.5 కోట్ల రూపాయలు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇంత సొమ్మును రెండు భాషల ప్రేక్షకులతోనే రాబట్టడం కష్టం. ఒకే మ్యాచ్‌ను ఆరు భాషల్లో ఇస్తే ప్రేక్షకులు పెరగడమే కాకుండా, ఏ భాష చానల్‌కు ఆ ప్రాంతపు ప్రకటనలు విడిగా అమ్ముకోవచ్చు. అందుకే 2018 ఐపీఎల్ ఇంగ్లీషు, హిందీలతో పాటు తమిళం, తెలుగు, కన్నడం, బెంగాలీలలో వచ్చింది. తెలుగు ప్రసారాల ప్రచారానికి జూనియర్ ఎన్టీఆర్‌ను తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి పూర్తిస్థాయి తెలుగు చానల్ ఏర్పడింది. వ్యాపార అవసరంతో పుట్టినంత మాత్రాన దాని విలువ తగ్గదు. కానీ లాభం కనిపించిన చోట మాత్రమే శ్రద్ధ చూపే అలవాటు కూడా దానితో పాటే వచ్చింది.

ముందుగా వ్యాఖ్యానం సంగతి. ఈ చానల్‌కు అసలైన బలం ఇదే. వై.వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్, ఆశిష్ రెడ్డి, కల్యాణ్ కృష్ణ వంటి మాజీ ఆటగాళ్లు ఇక్కడ మాట్లాడుతూ వచ్చారు. భారత జట్టుకు వికెట్ కీపరుగా ఆడి, తరవాత ప్రధాన సెలెక్టరుగా పనిచేసిన ప్రసాద్ ఒక కుర్రాడి గురించి నాలుగు మాటలు చెబితే, అందులో దేశవాళీ మైదానాల్లో చూసిన జ్ఞాపకం ఉంటుంది. స్పిన్నరు ఓవర్ మధ్యలో మిడ్‌వికెట్ ఫీల్డరును నాలుగడుగులు వెనక్కి పంపితే, తరవాతి బంతి ఎక్కడ పడబోతోందో, బ్యాటరును ఎటువైపు ఊరిస్తున్నారో వేణుగోపాలరావు వంటి బ్యాటరు ముందే చెప్పగలరు. స్కోరు మాత్రమే చూసి సరిపెట్టుకునే పెద్దవాళ్లు సైతం ఇలాంటి వివరణ విన్నాక ఫీల్డింగ్ మార్పులను గమనించడం మొదలుపెడతారు. నా దృష్టిలో ఈ చానల్ చేసిన అతి పెద్ద మేలు ఇదే.

లోటు కూడా ఇక్కడే ఉంది. ప్రాంతీయ భాషల వ్యాఖ్యాతలు సాధారణంగా మైదానంలో ఉండరు; స్టూడియోలో తెర ముందు కూర్చుని, మనం చూస్తున్న దృశ్యాలనే చూస్తూ మాట్లాడతారు. కెమెరా బౌలరు మీద ఉన్నప్పుడు స్లిప్‌లో ఏం మారిందో, పెవిలియన్ మెట్ల మీద ప్యాడ్లు కట్టుకుని ఎవరు నిలబడ్డారో, గాలి ఎటు వీస్తోందో వారికి తెలిసే అవకాశం తక్కువ. ఆ ఖాళీని పూరించడానికి కొన్నిసార్లు సినిమా డైలాగులు, ప్రాసలు, కేకలు వచ్చిపడతాయి. ఉత్సాహం ఉండాల్సిందే, ఐపీఎల్‌లో అది మరీ అవసరం. అయినా ప్రతి ఫోరుకూ ఒకే స్థాయిలో అరిస్తే, ఆఖరి ఓవరులో నిజంగా గొంతు పెంచాల్సిన బంతికి పెంచడానికి ఏమీ మిగలదు.

తెలుగు వ్యాఖ్యానం ఏ స్థాయికి చేరగలదో చెప్పడానికి స్టార్ నెట్‌వర్క్ ప్రసారం చేసిన ఒక సిరీస్‌లోని ఘట్టం చాలు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొంభైతొమ్మిది పరుగుల మీద అవతలి ఎండ్‌లో నిలబడ్డాడు. బుమ్రా అవుటయ్యాడు, తొమ్మిది వికెట్లు పడ్డాయి, పదకొండో ఆటగాడిగా హైదరాబాదు నుంచి వచ్చిన సిరాజ్ క్రీజులోకి దిగాడు. ప్యాట్ కమిన్స్ వేసిన మూడు బంతులను సిరాజ్ కాచుకున్నాడు. తరవాతి ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా బౌండరీకి తరలించి, మోకాలి మీద కూర్చుని బ్యాటుకు హెల్మెట్ తగిలించి నిలబెట్టాడు. స్టాండ్స్‌లో తండ్రి ముత్యాల రెడ్డి కన్నీళ్లు పెట్టుకున్నారు. కొడుకు ఆట కోసం ఆయన ఉద్యోగం వదులుకున్న సంగతి, ఆంధ్ర జట్టులో ఆ కుర్రాడు ఎదిగిన తీరు, సిరాజ్ తండ్రి ఆటో నడిపిన హైదరాబాదు వీధులు, ఇవన్నీ పక్కనే ఉండి ఎరిగిన మాజీ ఆటగాళ్లు మన మధ్య ఉన్నారు. ఇటువంటి క్షణాన్ని వాళ్ల నోట తెలుగులో వినిపించడానికి మించిన పని ఒక తెలుగు క్రీడా చానల్‌కు ఉండదు.

కబడ్డీ విషయంలో మాత్రం ఈ నెట్‌వర్క్‌కు మనస్ఫూర్తిగా మెచ్చుకోలు చెప్పాలి. 2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు చెడుగుడు టీవీలో ఆడుతుందా అని సందేహించినవారే ఎక్కువ. ముప్పై సెకన్ల గడువు, వరుసగా రెండు కూతలు ఖాళీగా ముగిస్తే మూడోది చావోరేవో అన్న నిబంధన, ముగ్గురో అంతకన్నా తక్కువ మందో ఉండి రైడరును పట్టేస్తే అదనపు పాయింటు, ఇవన్నీ ఆటను తెరకు సరిపడేలా బిగించాయి. కెమెరా చాప అంచున నేలకు దగ్గరగా ఉండి, కార్నర్‌లో ఉన్న డిఫెండరు మడమ పట్టుకోవడానికి వంగుతున్న భంగిమను, రైడరు బోనస్ గీత మీదికి కాలు చాచి రెండో కాలు గాలిలో నిలిపిన తీరును దగ్గరగా చూపిస్తుంది. అదే దృశ్యం నెమ్మదిగా మళ్లీ వచ్చినప్పుడు పాయింటు ఎందుకిచ్చారో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. పల్లెల్లో మట్టిలో ఆడిన ఆట కాబట్టి వ్యాఖ్యాతలకు మాట వెతుక్కోవాల్సిన పని ఉండదు. క్రికెట్ కన్నా కబడ్డీలోనే ఈ చానల్ తెలుగు సహజంగా, ధారాళంగా నడుస్తుంది. తెలుగు టైటాన్స్ జట్టు ఉండటం, 2024లో పదకొండో సీజన్ హైదరాబాదులో, 2025లో పన్నెండో సీజన్ విశాఖపట్నంలో మొదలుకావడం ఆ బంధాన్ని ఇంకా బలపరిచాయి.

ప్రకటనల గురించి చెప్పక తప్పదు. ఓవరు చివరి బంతి ఫీల్డరు చేతిలో పడీ పడకముందే ప్రకటన మొదలవుతుంది. తిరిగి వచ్చేసరికి కొత్త బౌలరు పరుగు అందుకుంటూ ఉంటాడు. వికెట్ పడిన వెంటనే అవుటైన ఆటగాడి ముఖం, కెప్టెను బౌలరుతో మాట్లాడే మాట, కొత్త బ్యాటరు గార్డ్ తీసుకోవడం, ఆట తెలిసినవాళ్లు చూడాలనుకునేవి ఇవే. వేల కోట్లు పెట్టి హక్కులు కొన్నవారు ప్రకటనలు వేయకుండా ఉండలేరన్నది నిజమే అయినా, వికెట్ పడిన తరవాత కనీసం ఒక రీప్లే చూపించి విశ్లేషకుడి మాట వినిపించాకే విరామానికి వెళ్లడం సాధ్యం కాని పని కాదు.

ధర విషయానికొస్తే, 2019 ఫిబ్రవరి నుంచి అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల ప్రేక్షకుడు కోరుకున్న చానల్‌ను విడిగా ఎంచుకునే హక్కు వచ్చింది; ప్యాకేజీలో చేర్చే చానల్‌కు గరిష్ఠ ధరను అప్పట్లో నెలకు 19 రూపాయలుగా నిర్ణయించారు. కాగితం మీద ఉన్న ఈ హక్కు ఊళ్లలో సులభంగా దొరకదు. మా వీధి కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ప్యాకేజీలో హిందీ, ఇంగ్లీషు క్రీడా చానళ్లు ఉన్నాయి గాని తెలుగుది లేదు. పట్టుబట్టి అడిగాకే జతచేశారు. కనెక్షన్ తీసుకునేవారు ప్యాకేజీ జాబితాలో తెలుగు చానల్ పేరు ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది. భారత జట్టు ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లను 2007 చట్టం ప్రకారం దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాల్సి ఉన్నా, 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఆ ఉచిత ప్రసారం ప్రైవేటు కేబుల్‌లో రాదు, దూరదర్శన్ సొంత భూతల ప్రసారాలకూ, దాని ఉచిత డిష్ సేవ అయిన ఫ్రీ డిష్‌కూ పరిమితం. పైగా ఐపీఎల్ ఆ జాబితాలోకి రాదు. కాబట్టి కేబుల్ ఉన్న ఇంట్లో తెలుగులో ఐపీఎల్ చూడాలంటే ఈ చానల్‌కు డబ్బు కట్టాల్సిందే, ఆ నెలల్లో అది దండగ ఖర్చు అని నేననను.

పోటీ తగ్గడం నన్ను కలవరపెడుతున్న విషయం. 2023 నుంచి ఐపీఎల్ టీవీ హక్కులు స్టార్‌కు, డిజిటల్ హక్కులు వయాకామ్18కు వెళ్లినప్పుడు ఒకే మ్యాచ్‌కు రెండు వేర్వేరు తెలుగు వ్యాఖ్యాన బృందాలు పనిచేశాయి. ఎవరిది బాగుంటే వారిది విన్నాం. 2024 నవంబరులో ఆ రెండూ జియోస్టార్ అనే ఒకే సంస్థ కింద ఏకమయ్యాయి. 2021లో తమిళం, తెలుగు కోసం వచ్చిన సోనీ టెన్ 4 ఉన్నా, ఐపీఎల్, ప్రో కబడ్డీ రెండూ ఒకే గూటిలో ఉన్నాయి. పోటీ లేని చోట నాణ్యత నిలబడాలంటే ప్రేక్షకులే గట్టిగా అడగాలి.

నేను అడిగేది ఇది. ప్రత్యక్ష ప్రసారం లేని రోజుల్లో ఈ చానల్ చాలావరకు పాత మ్యాచ్‌ల ముక్కలతో గడిపేస్తుంది. ఆ వేళల్లో ఆంధ్ర, హైదరాబాదు రంజీ జట్ల ఆటకు, 2025 ప్రపంచకప్ గెలిచిన జట్టులోని కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, హైదరాబాదు అమ్మాయి అరుంధతి రెడ్డి వంటివారు ఎదిగి వచ్చిన మహిళల దేశవాళీ క్రికెట్‌కు చోటివ్వవచ్చు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఆరు పరుగుల తేడాతో బెంగళూరును ఓడించి డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ గెలిచిన ఫైనల్ ఉంది; ఆ జట్టు సభ్యుడైన వేణుగోపాలరావు ఈ చానల్‌లోనే వ్యాఖ్యాతగా పనిచేశారు. హక్కుల అనుమతులు సంపాదించి, ఆయన్ను కూర్చోబెట్టి, ఆ రాత్రి ఆఖరి ఓవర్లలో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ ఏం చెప్పాడో, డ్రెస్సింగ్ రూములో ఏం జరిగిందో బంతి బంతికీ తెలుగులో చెప్పిస్తే, ఐపీఎల్ లేని నెలల్లో కూడా నేను ఈ చానల్‌ను ప్యాకేజీలోంచి తీయించను.