ఆరేళ్లుగా చైనా కుంచె పడుతున్నాను: చేరాలనుకునేవాళ్లకు నా అనుభవం

సింగపూర్‌లో మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ క్లబ్‌లో 2019లో చైనీస్ బ్రష్ పెయింటింగ్ క్లాసులో చేరాను. వారానికి ఒకరోజు, రెండు గంటలు. ఆరేళ్లు దాటింది. "ఏం కొనాలి, ఎన్నాళ్లకు వస్తుంది, మనలాంటి వాళ్లకు వస్తుందా?" అని ఈమధ్య తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఈ విద్యలో ముప్పాతిక వంతు నీళ్ల లెక్కే. కుంచెలో ఎంత నీరుంది, దాన్ని కాగితం ఎంత వేగంగా తాగేస్తుంది అన్నది చేతికి తెలియాలి. అది తెలిసేదాకా ఏ బొమ్మా నిలబడదు. నాకు అది పట్టుబడటానికి ఏడాదిన్నర పట్టింది. మా టీచర్‌కు డెబ్బై దాటాయి. అందరం లావ్‌షి అని పిలుస్తాం, గురువుగారు అని అర్థం. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు మాండరిన్ రాదు. అందుకని మొదటి ఆరు నెలలు ఆవిడ నాతో ఎక్కువగా అన్న మాట ఒక్కటే: "షుయ్ తాయ్ దువో". నీళ్లు ఎక్కువయ్యాయి అని. నా వెనక నిలబడి, కుంచె కాగితానికి తగలకముందే అనేవారు. వెంట్రుకలు ఉబ్బిన తీరు చూస్తేనే ఆవిడకు తెలిసిపోయేది. ఇప్పుడు నాకూ తెలుస్తోంది.

కష్టమంతా కాగితంతోనే, అందం కూడా దానివల్లే. ష్వాన్ కాగితం అంటారు. చైనాలోని అన్‌హుయ్ ప్రావిన్స్, జింగ్ కౌంటీలో చింగ్‌తాన్ అనే చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి తయారుచేస్తారు. ఆ చేతిపనిని యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో పచ్చిది, ఉడికినది అని రెండు రకాలు. పటిక, జిగురు పట్టించినదాన్ని ఉడికినది అంటారు. దాని మీద ఇంకు పాకదు. సన్నగా గీతలు గీసి పొరలు పొరలుగా రంగులద్దే గోంగ్‌బీ పద్ధతికి అది కావాలి. మేం నేర్చుకునే పద్ధతి పేరు షియె-యీ, భావాన్ని రాయడం అని. దీనికి పచ్చి కాగితమే వాడాలి. దాని మీద ఇంకు చుక్క పెడితే కళ్లముందే చుట్టూ పాకిపోతుంది.

మాది శ్రీకాళహస్తి. కలంకారీ గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెట్టడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఆ పాలల్లో కొవ్వు ఉండబట్టే కలంతో గీసిన నల్లగీత గుడ్డలో పాకకుండా నిలుస్తుంది. అందుకే లావ్‌షి పటిక సంగతి చెప్పగానే నాకు ఠక్కున అర్థమైంది. ఫోన్లో కరక్కాయ ఫొటో చూపించి మా ఊరి పద్ధతి చెప్పాను. ఆవిడ వెంటనే గుర్తుపట్టి, ఇది చైనా మందుల కొట్లలోనూ అమ్ముతారని చెప్పారు. ఆరోజు నుంచి మా ఇద్దరికీ మాట కలిసింది.

మొదటి నాలుగు నెలలు వెదురే. విసుగొచ్చి మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముందు కుంచెను నీళ్లలో తడిపి, గిన్నె అంచుకు రాసి ఎక్కువ నీరు తీసేయాలి. తర్వాత వెంట్రుకలన్నిటికీ పలచని ఇంకు పట్టించాలి. చివర మొనకు మాత్రం చిక్కటి ఇంకు. ఇలా నింపిన కుంచెను పక్కకు వాల్చి కింద నుంచి పైకి తోస్తే ఒక్క వేటుకే కాండం వచ్చేస్తుంది. ఒక అంచు నల్లగా, రెండో అంచు పలచగా పడి గుండ్రంగా కనిపిస్తుంది. కణుపు దగ్గర ఆగాలి, నొక్కాలి, లేపాలి. కొంచెం ఖాళీ వదిలి పై కణుపు మొదలుపెట్టాలి. కాండం తడి ఆరిపోకముందే ఆ ఖాళీల్లో కణుపు గీతలు పడాలి. ఆకైతే మొన ఆన్చి, నొక్కి, లాగుతూ లాగుతూనే చెయ్యి గాలిలోకి లేపేయాలి. చివర ఒక్క క్షణం తటపటాయించినా అక్కడ బొట్టు దిగి ఆకు మొద్దుబారుతుంది. గీసినదాని మీద మళ్లీ దిద్దితే ఆరాక ఆ చోటు మచ్చలా బయటపడుతుంది. చెరపడానికి వీల్లేదు, పైన ఇంకో రంగుతో కప్పడానికీ వీల్లేదు.

దిద్దుకునే వీలు లేకపోవడం మొదట్లో నాకు చాలా టెన్షన్ పెట్టింది. ఆఫీసులో రోజంతా తప్పులు దిద్దడమే నా పని. ఇక్కడ తప్పు పడితే కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో క్లాసులు ఆగిపోయాక ఇంట్లోనే రోజూ పొద్దున అరగంట వెదురు ఆకులు వేశాను. ఆ రెండు నెలల్లోనే భయం పోయింది. పాడైన కాగితాలు దొంతరగా పేరుకుంటుంటే బాధ అనిపించడం మానేసింది.

కొనడం దగ్గరికి వస్తే, నాలా మొదటే ఆన్‌లైన్‌లో కిట్ కొనకండి. చెక్కపెట్టె, నాలుగు కుంచెలు, నూరుడు రాయి, ఇంకు కడ్డీ, ముద్ర, అన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. రెండో వారానికే కుంచె వెంట్రుకలు ఊడి గీతల్లో అతుక్కున్నాయి. కడ్డీని రాయి మీద నీళ్లతో పావుగంట నూరినా ఇంకు బూడిదరంగు దాటలేదు. ఆ డబ్బు కాగితానికి పెట్టాల్సింది. తర్వాత బ్రాస్ బసా కాంప్లెక్స్‌లో చైనా పుస్తకాలు, కుంచెలు అమ్మే కొట్లకు వెళ్లి రెండే కుంచెలు తెచ్చుకున్నాను. ఒకటి లాంగ్‌హావ్. మాటకు అర్థం తోడేలు వెంట్రుక అయినా నిజానికి అది వీసెల్ అనే, ముంగిసలాంటి చిన్న జంతువు తోక వెంట్రుక. బిరుసుగా ఉండి వెంటనే లేచి నిలబడుతుంది, వెదురుకు, ఆర్కిడ్ ఆకులకు బాగుంటుంది. రెండోది మేక వెంట్రుకలది. మెత్తగా ఉంటుంది, నీరు బాగా పట్టుకుంటుంది, పూలరేకులకు, తామరాకులకు పనికొస్తుంది. మూడేళ్లు ఈ రెండింటితోనే గడిచింది. కింద పరచడానికి ఉన్ని ఫెల్టు మాత్రం తప్పకుండా ఉండాలి, లేకపోతే తడి కాగితం బల్లకు అంటుకుపోతుంది. కాగితం 100 షీట్ల కట్టగా వస్తుంది, ఆ కట్టను దావ్ అంటారు, కత్తి అని అర్థం. సాధనకు పసుపుపచ్చని వెదురు కాగితం చాలు, చవక కూడా. మామూలు రోజుల్లో యీ-ద-గ సీసా ఇంకు వాడతాను. బీజింగ్‌లో 1865 నుంచి ఉన్న పేరు అది, నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆదివారాలు మాత్రం కడ్డీ నూరుకుంటాను. నూరుతుండగా వచ్చే మసి, కర్పూరం కలిసిన వాసన నాకు చాలా ఇష్టం.

ఇక్కడి తేమకు కుంచెలు జాగ్రత్త. సంక్రాంతికి ఊరెళ్తూ హడావుడిలో మేక వెంట్రుకల కుంచెను తడిగానే చాపలో చుట్టి వెళ్లాను. రెండు వారాల తర్వాత చూస్తే బూజుపట్టి, మొదలు దగ్గర వెంట్రుకలు కుళ్లిపోయాయి. సబ్బు లేకుండా చన్నీళ్లతో కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయాలి. కొత్త కుంచెతో వచ్చే ప్లాస్టిక్ మూత పారేయాలి.

చిత్రం పూర్తయ్యాక కాగితం ముడతలు పడి ఉంటుంది. వెనక ఇంకో కాగితం అతికిస్తేనే సాపుగా అవుతుంది. నా మొదటి తామర చిత్రాన్ని ఒక కొట్టులో ఇస్తే ఎరుపు రంగు పాకి రేకులన్నీ కలిసిపోయి వచ్చింది. ఏడుపొచ్చింది. అప్పటి నుంచి నేనే చేసుకుంటున్నాను. మన దగ్గర సినిమా పోస్టర్లకు మైదా జిగురు రాస్తారు కదా, దాదాపు అలాంటిదే. కాకపోతే గోధుమ పిండిలోని బంక కడిగేసి, మిగిలిన తెల్లని పిండితో ఉడికిస్తారు. చిత్రాన్ని బోర్లా పరిచి, నీళ్లు చల్లి, జిగురు రాసి, పైన కాగితం వేసి వెడల్పాటి బ్రష్‌తో నడిమి నుంచి అంచులకు తోయాలి. ముడత విప్పుకుని ఇంకు మళ్లీ తేటపడుతుంటే చూడాలి!

నాకు నచ్చని సంగతి ఒకటి ఉంది. నకలు చేయించడం మరీ ఎక్కువ. ప్లమ్, ఆర్కిడ్, వెదురు, చామంతి, ఈ నాలుగూ గురువు వేసినట్టే ఏళ్ల తరబడి వేయాలి. చేతికి అది అవసరమే, కాదనను. కానీ మూడో ఏడాదికైనా సొంత వస్తువు వేయనివ్వాలని నా గట్టి అభిప్రాయం. చెన్ వెన్ షి (1906–1991) చైనా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన చిత్రకారుడు. తీగల మధ్య ఆయన వేసిన గిబ్బన్ కోతులు సింగపూర్ 50 డాలర్ల నోటు మీద ఉన్నాయి. మెత్తని బొచ్చంతా ఇంకు పాకడంతోనే తెప్పించాడు. నకళ్ల దగ్గరే ఆగిపోతే ఆ కోతులు వచ్చేవి కావు. నాలుగో ఏడు నేను అడగకుండానే మందారం వేసి తీసుకెళ్లాను. లావ్‌షి చాలాసేపు చూసి, ఆకు ఈనెలు తడి ఉండగానే వేయమని చెప్పి, పువ్వు జోలికి వెళ్లలేదు.

చైనా చిత్రకారుడు ఛి బైషి (1864–1957) వేసినలాంటి రొయ్యలు మాత్రం నాకు ఇంకా రాలేదు. తల దగ్గర పలచని ఇంకు తడిగా ఉండగా ఒక్క నల్లచుక్క దించితే లోపలి భాగం కనిపించినట్టు ఉండాలి, నాది పాకి మసకబారుతోంది. ఈ నెల నుంచి కొండలు మొదలుపెట్టాం. జనపనార పరిచినట్టు పొడుగాటి గీతలతో మట్టికొండ వాలు తెప్పించాలి. మళ్లీ వెనక నుంచి "షుయ్ తాయ్ దువో" వినిపిస్తోంది. నిన్ననే ఇంకో దావ్ కాగితం తెచ్చుకున్నాను.