మిలామా, మనాస్లూనా, గోయెచా లానా: పర్మిట్ సంగతి చూస్తే ఏది మేలు?

దసరా సెలవులు దగ్గరపడితే చాలు ఇదే ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, కేదార్‌కంఠ అయిపోయింది, హమ్తా పాస్ అయిపోయింది, ఇంక జనం లేని చోటికి పోదామనుకుంటున్నాం, బోర్డర్ వైపు, కానీ పర్మిట్ కావాలంట కదా, ఏది ఈజీగా వస్తది?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, అందుకే ఈసారి అన్నీ ఒకేచోట పక్కపక్కన పెట్టి రాసేస్తున్నా.

ఎక్కువమంది అడిగేవి మూడు. ఉత్తరాఖండ్‌లో మున్‌స్యారి నుంచి మిలాం దాకా జోహార్ లోయ, నేపాల్లో మనాస్లు సర్క్యూట్, సిక్కింలో గోయెచా లా. మూడూ నేను నడిచినవే. మిగతావి చివర్లో తలా రెండు ముక్కలు చెప్తా.

అందరూ ముందు ఫీజు ఎంతని అడుగుతారు. ఫీజు లెక్కలో అయితే పోటీయే లేదు, మిలాంకి ఇన్నర్ లైన్ పర్మిట్ (బోర్డర్ దగ్గరి ప్రాంతాల్లోకి పోవడానికి ఇచ్చే అనుమతి) ఖర్చు చెప్పుకోదగ్గది కాదు, మనాస్లుకి డాలర్లలో కట్టాలి. కానీ నన్నడిగితే అసలు తేల్చేది ఫీజు కాదు, పర్మిట్ ఏ ఊళ్ళో ఇస్తారు, ఏ రోజు ఇస్తారు అన్నదే. ఎందుకంటే మనం ఢిల్లీ వాళ్ళం కాదు, శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున కొండ కింద దిగడానికి. హైదరాబాద్ నుంచి గానీ విశాఖ నుంచి గానీ బయల్దేరితే పోవడానికి రెండు మూడు రోజులు, రావడానికి రెండు మూడు రోజులు, ఆఫీసు వాడిచ్చేది పది పన్నెండు రోజులు, అందులో ఆఫీసు తలుపు దగ్గర రెండ్రోజులు పోతే ఇంక ట్రెక్ ఏం మిగుల్తుంది చెప్పండి.

నాకు జరిగిందే చెప్తా. మొదటిసారి మిలాం కోసం బుధవారం పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం ముగ్గురం. గురువారం ఢిల్లీ, ఆ రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్, శుక్రవారం తెల్లారేసరికి కాఠ్‌గోదామ్, అక్కడ్నుంచి షేర్ జీపులో రోజంతా మలుపులు తిరుగుతూ సాయంత్రం చీకటి పడ్డాక మున్‌స్యారి. ఎదురుగా పంచచూలి శిఖరాలు కనపడాల్సిన చోట మబ్బు. పొద్దున్నే లేచి కాగితాలు పట్టుకుని పర్మిట్ ఇచ్చే ఎస్‌డీఎం ఆఫీసుకి (మన ఆర్డీవో ఆఫీసు లాంటిది) పోతే శనివారం సెలవు. తర్వాతది ఆదివారం. సోమవారం దరఖాస్తు ఇస్తే అదే రోజు మధ్యాహ్నానికి పర్మిట్ చేతిలో పెట్టారు, అక్కడివాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారు కూడా, తప్పు పూర్తిగా మా ప్లానింగ్‌దే. కానీ ఆ రెండు రోజుల వల్ల మేము మార్తోలి దాకానే పోయి వెనక్కి రావాల్సొచ్చింది, మిలాం చూడలేదు. మార్తోలి గట్టు మీద నందాదేవి గుడి దగ్గర నిలబడి, ఇంకో రోజున్నర ఉంటే చాలు కదా అనుకున్న బాధ నాకు ఇప్పటికీ గుర్తే.

రెండోసారి అదే దారి, కానీ శనివారం పొద్దున బయల్దేరాం. ఆదివారం ఢిల్లీ, సోమవారం సాయంత్రం మున్‌స్యారి, మంగళవారం పొద్దున ఎస్‌డీఎం ఆఫీసు. మధ్యాహ్నం అక్కడే సరుకులు కొనుక్కుని బుధవారం నడక మొదలు. ఒక్క పూట కూడా వృథా పోలేదు. కాబట్టి మిలాం పర్మిట్ కష్టం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, వారంలో ఏ రోజు మున్‌స్యారిలో దిగుతున్నారో చూసుకోండి, అంతే.

కావాల్సిన కాగితాలు కూడా పెద్దవేం కాదు. దరఖాస్తు, ఆధార్ లాంటి ఐడీ కాపీ, ఫొటోలు, ఎన్ని రోజులు, ఎవరెవరు, గైడ్ ఎవరు. జిరాక్సులు మాత్రం ఇంటి దగ్గరే ఆరేడు సెట్లు తీసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, దారిలో ఐటీబీపీ (టిబెట్ బోర్డర్ కాపలా కాసే బలగం) పోస్టుల్లో చూస్తారు, కొన్నిచోట్ల ఒక కాపీ ఉంచుకుంటారు. ఇంకోటి, తారీఖులు రాసేటప్పుడు మీకు ఎనిమిది రోజులు చాలనుకుంటే పది రాయండి. గోరీగంగ పక్కన దారి వాన పడితే ఎప్పుడు ఎక్కడ కూలుతుందో తెలీదు, లోపల ఇరుక్కుని పర్మిట్ తేదీ దాటిపోతే అనవసరపు తలనొప్పి.

ఆ లోయ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. లీలం, బోగ్‌డియార్, రిల్‌కోట్, మార్తోలి, బుర్ఫు, మిలాం, ఈ ఊళ్ళన్నీ ఒకప్పుడు టిబెట్‌తో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసిన శౌకా తెగవాళ్ళ ఊళ్ళు. 1962 యుద్ధంతో వ్యాపారం ఆగిపోయింది, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఇప్పుడు వేసవిలో కొన్ని కుటుంబాలు పైకొచ్చి పంటలేసుకుని అక్టోబర్ చివరికల్లా కిందికి దిగిపోతాయి. 1830లో పుట్టిన నైన్ సింగ్ రావత్ ఈ మిలాం మనిషే. బయటివాళ్ళని రానివ్వని టిబెట్‌లోకి యాత్రికుడి వేషంలో పోయి, 108 పూసలు ఉండాల్సిన మాలలో 100 పూసలే పెట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ లాసా దాకా దారి కొలిచాడాయన. ఆ ఊరి పాడుబడ్డ గోడల మధ్య నిలబడినప్పుడు నా చేతిలో ఉన్న పర్మిట్ కాగితం నాకు చాలా చిన్నగా కనిపించింది.

సరే, మనాస్లు. ఇక్కడ పద్ధతే వేరు. ఇక్కడి రెస్ట్రిక్టెడ్ ఏరియా పర్మిట్ మీరు పోయి తెచ్చుకునేది కాదు, రిజిస్టరైన ఏజెన్సీ, లైసెన్సున్న గైడ్ ఉంటేనే ఇమిగ్రేషన్ వాళ్ళు ఇస్తారు. నేను పోయినప్పుడు కనీసం ఇద్దరు ట్రెకర్లు ఉండాలన్న రూల్ కూడా ఉండేది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మొదటి వారానికి 100 డాలర్లు, ఆపైన రోజుకి 15. డిసెంబర్ నుంచి ఆగస్టు దాకా అయితే వారానికి 75, ఆపైన రోజుకి 10. ఇందులో ఇండియన్లకి తగ్గింపేం లేదు. దీనికి తోడు మనాస్లు కన్జర్వేషన్ పర్మిట్, ట్రెక్ చివర్లో అన్నపూర్ణ వైపు ధారాపానిలో దిగేటప్పుడు అన్నపూర్ణ కన్జర్వేషన్ పర్మిట్ కూడా కావాలి, ఈ రెండిట్లో మాత్రం మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్ళకి చెరో 1000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి 3000. మన రూపాయికి వాళ్ళది 1.60 కాబట్టి రెండూ కలిపి మనకి 1250 అవుతుంది. గైడ్ కూలీ వేరే, అది తప్పనిసరి ఖర్చు కాబట్టి పర్మిట్ ఖర్చులోనే కలిపి లెక్కేసుకోండి.

బదులుగా మీకు దక్కేదేంటంటే నిశ్చింత. మీరు హైదరాబాద్‌లో ఉండగానే పాస్‌పోర్ట్ స్కాన్, ఫొటో పంపేస్తే మీరు ఖాట్మండూలో దిగిన రోజో మర్నాడో పర్మిట్ రెడీగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, పంపే ముందు ఏజెన్సీ వాళ్ళు టైప్ చేసిన ఫారం మీకు చూపించమనండి. మా బ్యాచ్‌లో ఒకరి పాస్‌పోర్ట్ నంబర్ ఒక అంకె తప్పు పడింది, గైడ్ చెక్‌పోస్ట్ దగ్గర అరగంట బతిమాలుకోవాల్సొచ్చింది. ఇంకోటి, ఓటర్ కార్డుతో నేపాల్‌లోకి పోవచ్చు గానీ (ఆధార్ చాలదు) ఈ పర్మిట్ కోసమైతే పాస్‌పోర్టే పెట్టుకోండి, ఏ తంటా ఉండదు.

ఇక్కడ మనవాళ్ళు ఎప్పుడూ మర్చిపోయే సంగతి ఒకటుంది. మన దసరాయే వాళ్ళ దశైన్. నేపాల్‌లో అంతకంటే పెద్ద పండగ లేదు, ప్రభుత్వ ఆఫీసులు రోజుల తరబడి సెలవు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి, గైడ్లు కూడా ఇంటికి పోవాలనుకుంటారు, అది వాళ్ళ హక్కు కదా. మనకి దొరికే సెలవులు సరిగ్గా ఆ వారమే. అందుకని దసరాకి మనాస్లు అనుకునేవాళ్ళు పండగకి ముందే పర్మిట్ పని అయ్యేలా ఏజెన్సీతో నెల ముందు మాట్లాడుకోవాలి. లేదంటే దీపావళి దాటాక పోండి, నవంబర్లో ఆకాశం ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఈ దారిలో దాటాల్సిన కనుమ లార్క్యా లా 5,106 మీటర్లు కాబట్టి చలికి మాత్రం సిద్ధపడి పోవాలి.

గోయెచా లా సంగతి మధ్యరకం. ఇండియన్లకి అక్కడ ఇన్నర్ లైన్ గొడవ లేదు, కానీ కాంచన్‌జంగా నేషనల్ పార్క్ లోపల నడక కాబట్టి అటవీశాఖ అనుమతి, నడక మొదలయ్యే ఊరు యుక్సోంలో పోలీసుల దగ్గర ఐడీతో ఎంట్రీ, రిజిస్టరైన ఏజెన్సీ ఉండాలి. ఇదంతా ఏజెన్సీ వాళ్ళే చూసుకుంటారు, మీరు యుక్సోంలో టీ తాగేలోపు అయిపోతుంది. బ్యాగుల్లో ప్లాస్టిక్ ఎంతుందో రాసుకుని తిరిగొచ్చేటప్పుడు లెక్క చూస్తారు, ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. మన విజయవాడ, విశాఖ వైపు నుంచి గువాహటి పోయే రైళ్ళు సిక్కింకి పోవడానికి దిగే న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి కాబట్టి కోస్తా వాళ్ళకి దారి కూడా కలిసొస్తుంది. అయితే ఒకటి, బోర్డర్ లోయలో ఉండే ఆ ఏకాంతం కోసం పోయేవాళ్ళకి ఇది ఆ కోరిక తీర్చదు, సీజన్లో థాన్‌సింగ్ క్యాంపు సంతలా ఉంటుంది. కాంచన్‌జంగా మీద తెల్లారే వెలుగు మాత్రం చూసి తీరాల్సిందే.

అమెరికా నుంచి వచ్చే అన్నదమ్ములు, బావమరుదులు ఉన్న బ్యాచ్ అయితే ఇది జాగ్రత్తగా చదవండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే మన బోర్డర్ ఏరియాల్లో వాళ్ళని మనలా చూడరు, ప్రొటెక్టెడ్, రెస్ట్రిక్టెడ్ ఏరియాలకి వాళ్ళు విడిగా అనుమతి తీసుకోవాలి, దానికి పట్టే టైమ్ వేరు, రూల్స్ వేరు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైకి ఈ సమస్య లేదు. "ఓసీఐ ఉంది కదా, ఇండియన్ లాగే" అనుకుని టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళు నన్నడిగారు, చెప్పాల్సొచ్చినప్పుడు నాకే కష్టమనిపించింది. ఇలాంటి మిక్స్‌డ్ బ్యాచ్‌కి మాత్రం నిస్సందేహంగా మనాస్లే, అక్కడ రెస్ట్రిక్టెడ్ పర్మిట్ ఫీజు అందరికీ ఒకటే, అమెరికా పాస్‌పోర్ట్ వాళ్ళకి ఖాట్మండూ ఎయిర్‌పోర్ట్‌లోనే వీసా ఇస్తారు, అందరూ కలిసి నడవొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఆది కైలాస్‌కి ధార్చులాలో ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, కానీ ఇప్పుడు జోలింగ్‌కాంగ్ దాకా బండి పోతోంది, యాత్రగా పోండి, అమ్మానాన్నల్ని ఆరోగ్యం చూసుకుని తీసుకెళ్ళండి, ట్రెక్ అని మాత్రం పోకండి. నేపాల్లోని అప్పర్ ముస్తాంగ్‌కి 2025 దాకా పది రోజులకి 500 డాలర్లు ఉండేది, అక్కడి పాత కోట ఊరు లో మాంథాంగ్ మీద అంత ప్రేమ ఉంటే పోవచ్చు, నాకింకా ధైర్యం చాల్లేదు. లద్దాఖ్‌లో ఇండియన్లకి 2021 నుంచి నుబ్రా, పాంగాంగ్ లాంటి చోట్లకి ఇన్నర్ లైన్ పర్మిట్ అక్కర్లేదు, పర్యావరణ ఫీజు కట్టి రసీదు పెట్టుకుంటే చాలు. అరుణాచల్‌కి రాష్ట్రంలో అడుగుపెట్టడానికే ఐఎల్‌పీ (ఇన్నర్ లైన్ పర్మిట్) ఉండాలి, 1873 నాటి రెగ్యులేషన్ అది, ఆన్‌లైన్లో వస్తుంది, కానీ బోర్డర్ వైపు ట్రెక్‌లకి అదొక్కటే సరిపోదు.

ఏ బోర్డర్ ట్రెక్‌కి పోయినా సరే, శాటిలైట్ ఫోన్, ఇన్‌రీచ్ (శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపేది) లాంటి పరికరాలు ఇండియాలో అనుమతి లేకుండా పెట్టుకోకండి. అమెరికా నుంచి తెచ్చిన కజిన్ బ్యాగులో ఉన్నా సమస్యే, ఎయిర్‌పోర్టుల్లో పట్టుకుని కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. వంతెనలు, క్యాంపులు ఫొటోలు తీయొద్దు అంటే తీయొద్దంతే, అక్కడ చలిలో కాపలా కాసే కుర్రాళ్ళతో వాదన పెట్టుకోకండి.

నా ఓటు ఎటో ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. అందరూ ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళే, ముందు రెండు మూడు ట్రెక్‌లు చేసినవాళ్ళే, పన్నెండు రోజుల సెలవుంది అంటే మిలాం. దసరా రోజున అక్కడ కూడా ఆఫీసు సెలవే కాబట్టి పండక్కి కనీసం రెండు పనిరోజుల ముందు మున్‌స్యారి చేరండి. సెలవు తక్కువుండి డబ్బుకి ఇబ్బంది లేకపోతే మనాస్లు, కానీ విమానంలో పోతేనే. వరంగల్ మీదుగా పోయే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్ దిగి సునౌలి బోర్డర్ దాటి బస్సులో ఖాట్మండూ పోదామంటే మిలాంకి పట్టినన్ని రోజులూ పడతాయి. మొదటిసారి ఎత్తుకి పోయేవాళ్ళు, కాగితాల జోలికే పోలేం అనేవాళ్ళు గోయెచా లా.

మేము వచ్చే జూన్‌లో మళ్ళీ జోహార్‌కే, ఈసారి మిలాం నుంచి తిరిగొచ్చేటప్పుడు పాఛూ మీదుగా నందాదేవి ఈస్ట్ బేస్ క్యాంప్ కూడా. దరఖాస్తులో రెండు పేర్లూ విడివిడిగా రాయాలని మా గైడ్ ముందే ఫోన్ చేసి చెప్పాడు. బయల్దేరేది శనివారం పొద్దున.